మైనస్ రెండు అంటే ఆగమని

మధ్యాహ్నం, ఖాళీ నాటకశాల. స్టేజీ మీద నేలకు ఆనించి ఒక చిన్న తెర, దాన్నుంచి ఒక తీగ, తీగ చివర కంప్యూటరు. కంప్యూటరు ముందు, ఇక్కడ కొట్టిన మాటలు నటులకు ఆ తెర మీద కనబడేలా ఈ పెట్టెను తయారుచేసిన మేనకోడలు, పక్కన చాలా ఏళ్ళుగా నటులకు మాటలు అందిస్తూ వస్తున్న ప్రాంప్టరు మావయ్య.

"ఏ లైను మావయ్యా?"

"ఏదో ఒక లైనులే."

"ఏదో ఒక లైను తెగిందంటే ఏదో ఒక మందు వేస్తాను. ఏది తెగిందో చెబితే దానికి తగ్గ మందు వేస్తాను. చెప్పు."

"నాటకంలో లైనేనే."

"ఏ అంకం?"

"మూడో అంకం."

"మూడో అంకంలో రాణీగారు ఎక్కడున్నారు? రెండో అంకం చివర్లోనే విషం తాగి చచ్చిపోతారు కదా."

"అయితే రెండో అంకం."

"అయితే ఏంటి, అయితే! మావయ్యా, ఇటు చూడు. ఆరింటికి నాటకం. నిన్న రిహార్సల్ మధ్యలో, తెర మీద లైను తెగగానే, రాణి వేషం వేసే మన రాణీగారు కిరీటం తీసి కుర్చీలో పెట్టి వెళ్ళిపోయారు. ఇక నేను వెయ్యనని పొద్దున్న కబురు పంపారు. కాసేపట్లో వచ్చి మేకప్ గది తాళం ఇచ్చేసి పోతారట. అక్కడ డైరెక్టరేమో నీ దిక్కుమాలిన పెట్టె వల్లే ఇదంతా అని నన్ను దులిపేస్తున్నాడు. ఆవిడ బదులు తెచ్చిన కొత్తమ్మాయికి అప్పుడే చీర కుచ్చిళ్ళు కూడా సర్దేస్తున్నారు. నువ్వేమో ఇక్కడ కూర్చుని నీళ్ళు నములుతున్నావు."

"నీ పెట్టెని ఎవరైనా ఏమన్నా అంటే నేనూరుకుంటానా?"

"ఊరుకోవద్దు. లైను చెప్పు చాలు."

"అంతే పొడుగున్నది ఇంకోటి చెప్తాలే. దాంతో పరీక్ష చేసుకో."

"కుదరదు మావయ్యా. పంటి నొప్పితో వచ్చినవాడు పక్కింటాయన పన్ను చూపిస్తే డాక్టరేం చేస్తాడు? తెగిన లైనే కావాలి. అక్షరం పొల్లుపోకుండా కావాలి."

"ఎందుకలాగ?"

"ఎందుకంటే మిగతావన్నీ బ్రహ్మాండంగా వస్తున్నాయి కాబట్టి. చూడు, 'మహామంత్రీ, ఆగండి.' వచ్చిందా? 'ఆ ఉంగరం ఎక్కడ?' వచ్చిందా? నెల్లాళ్ళుగా నువ్వు పంపినవన్నీ వచ్చాయి. నిన్న ఒక్కటే సగంలో తెగింది. అందుకే అడుగుతున్నా, దాంట్లో ఏముందీ అని."

"దాంట్లో ఏముంటుందే. మాటలుంటాయి."

"నీ అల్లరి తగలెయ్య. పోనీ, నువ్వే కంప్యూటరు ముందు కూర్చో. ముందు పాస్‌వర్డు కొట్టు."

"ఇదిగో."

"కొట్టు కానీ మావయ్యా, పెదాలు కదపకు. పాస్‌వర్డంతా చదివేస్తున్నావు."

"నేనెక్కడ కదిపాను?"

"నువ్వు ఏం టైపు చేసినా పెదాలు వాటి దారిన అవి నడుస్తూనే ఉంటాయి. సందేశం పంపినా, కరెంటు బిల్లు నంబరు కొట్టినా అంతే. చిన్నప్పుడు అత్తయ్య నీకు వంటింటి సామాను చీటీ రాసిస్తే, నువ్వు చదువుకుంటుంటే చూసి, ఇవాళ బెల్లం తెస్తున్నావని నేను ముందే గెంతేదాన్ని. మర్చిపోయావా?"

"వృత్తిదోషమే. పొద్దస్తమానం గొంతు రాకుండా మాట అందించాలాయె. పెదాలకి ఆ పనే అలవాటైపోయింది."

"సరే, మాట మార్చకు. మామూలుగా నువ్వు ఒక్కో లైనులో ఎంత పంపుతావు?"

"తల పంపుతాను."

"తలంటే?"

"మొదటి రెండు మాటలు. ప్రాంప్టరన్నవాడు లైనంతా చెప్పకూడదే అమ్మడూ. అది నటుణ్ణి అవమానించడం. తల అందిస్తే మొండెం వాళ్ళే తెచ్చుకుంటారు. నా గురువుగారు చెప్పిన మొదటి పాఠం అదే."

"అంటే ఈ నెల్లాళ్ళూ తెర మీదకి వెళ్ళినవన్నీ తలలే."

"అన్నీ తలలే."

"నిన్నటిది మాత్రం తల కాదు."

"ఈ తీగ వదులైనట్టుందే."

"మావయ్యా. నిన్నటిది తలా, మొండెం, కాళ్ళూ, చెప్పులతో సహా పంపావు. అవునా? రాణీగారికి నాటకమంతా కంఠతా వచ్చు. ఆవిడకి అంత పొడుగు లైను ఏ అవసరం ఉండి పంపావు?"

"ఆవిడకి వినపడట్లేదు కదే పాపం."

"వినపడకపోతే తల ఇంకోసారి పంపుతారు. నవల పంపరు. అది నాటకంలో లైను కాదు. అవునా కాదా?"

"కాదు."

"హమ్మయ్య. ఎవరు రాసింది?"

"నేనే."

"నువ్వా? ఏం రాశావు?"

"నవ్వనంటే చెప్తా."

"నవ్వను. నా పెట్టె మీద ఒట్టు."

"మొదటి సగం చెప్తా. 'ఇక నీకు మాట అందించలేను', కామా."

"కామా?"

"కామా. ఆవిడ వెళ్ళిపోయాక స్టేజీ ఎక్కి తెర చూశాను. కామా దాకానే ఉంది. తర్వాత ఖాళీ."

"అంటే ఆవిడ చూసింది అదా? 'ఇక నీకు మాట అందించలేను'? నాటకానికి ఒక్కరోజు ముందా? ఓరి దేవుడా! మావయ్యా, అది చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? చెవులు పోయాయి, ఇక నీతో నావల్ల కాదు పొమ్మన్నాడనుకుంటారు!"

"నేను చెప్పానా మరి, పెద్ద గొడవే అయిందని!"

"ఎప్పుడు చెప్పావు? ఏదో లైనులే అన్నావు! ఉండు, ఉండు. కామా దాకా లెక్కపెడతాను. ఇ, క, ఖాళీ... గుణింతం గుర్తు కూడా విడిగా లెక్కే... ఆఁ. మావయ్యా, దొరికాడు దొంగ!"

"ఎవరు?"

"నేనే. సింహాసనాన్ని స్టేజీ మీదకి ఎలా తెస్తారు మీరు? తలుపులోంచి పట్టదు కదా."

"మూడు ముక్కలుగా విప్పి తెచ్చి, ఇక్కడ బిగిస్తాం."

"మన తెలుగక్షరమూ అంతే. తీగలో మూడు ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కల్ని బైట్లు అంటాం. ఇంగ్లీషక్షరం, అంకె, కామా, ఖాళీ, ఇవన్నీ స్టూళ్ళ లాంటివి, ఒక్క ముక్కే. తెరకి ముక్కలతో పనిలేదు, బిగించిన కుర్చీ కావాలి. బిగించినదాన్ని వైడ్ క్యారెక్టర్ అంటాం. నేను సీ భాషలో రాసిన ప్రోగ్రాంలో ఒక వడ్రంగి ఉన్నాడు. ముక్కలు తీసుకోవడం, బిగించడం, తెరకివ్వడం, వాడికదే పని."

"పేరేమిటి వడ్రంగికి?"

"పలికితే నీ పళ్ళసెట్టు ఊడుతుంది. ఎంబీఆర్‌టీవోడబ్ల్యూసీ."

"పౌరాణికంలో రాక్షసుడి పేరులా ఉందే."

"ఉద్యోగం మాత్రం నమ్మకంగా చేస్తాడు పాపం. మొదటి రోజు నేను వాడికి ఏ భాషలో సామాను వస్తుందో చెప్పడం మర్చిపోయాను. దాంతో వచ్చినదల్లా చెత్త అని తిప్పి పంపాడు. గుర్తుందా, తెరంతా ప్రశ్నార్థకాలు?"

"డైరెక్టరు నాటకమంతా అనుమానాలే అన్నాడు."

"అదే. ఇప్పుడు విను. ముక్కలు బండ్లలో వస్తాయి. బండికి అరవై నాలుగు. నిండగానే బండి కదిలిపోతుంది, సింహాసనం సగంలో ఉందా, పూర్తయిందా చూసుకోదు. నీ లైను కామా దాకా అరవై ఒకటి, ఖాళీతో అరవై రెండు. తర్వాతి అక్షరానికి మూడు ముక్కలు కావాలి. బండిలో చోటు రెండింటికే."

"రెండు ముక్కలు ఈ బండిలో, మూడోది వెనక బండిలో."

"అదీ! నువ్వు పంపే తలలన్నీ ఒక్క బండిలో సర్దుకునేవి కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు. నేనూ ఇంట్లో అంకెలూ ఇంగ్లీషక్షరాలూ పంపి పరీక్ష చేశాను. స్టూళ్ళు ఎక్కడ తెగుతాయి?"

"మరి వడ్రంగి ఏం చేశాడు, మూడో ముక్క లేదని?"

"వాడు చేయాల్సిందే చేశాడు. కేకేశాడు. వాడికి రెండు కేకలున్నాయి మావయ్యా. మైనస్ ఒకటి అన్నాడంటే, ఇది కుర్చీయే కాదు, చెత్త, పారెయ్యండి అని. మైనస్ రెండు అన్నాడంటే, ఇది మంచి కుర్చీయే, ఇంకో ముక్క దారిలో ఉంది, ఆగండి అని."

"నిన్న ఏ కేక వేశాడు?"

"రెండోదే వేసుంటాడు. వినే బుద్ధి నాకుండాలిగా. ఆ రెండు కేకల్నీ ఒకే గాటన కట్టేశాను. మైనస్ ఏదైనా చెత్తే, మిగతా లైనంతా పారబొయ్యమని రాసిపెట్టాను. చూడు, ఇక్కడ. నా చేతి రాతే."

"నాకేం అర్థమవుతుందే అది."

"అర్థం కాకపోవడమే నా అదృష్టం. తిట్టేవాడివి."

"నేను నిన్నెప్పుడు తిట్టానే? నడక వచ్చిన కొత్తలో నా నాటకం పుస్తకం మీద పాలు పోసినప్పుడే తిట్టలేదు."

"అందుకే ఇలా తయారయ్యాను. ఉండు, మారుస్తున్నాను. మైనస్ రెండు అంటే ఆగు. వడ్రంగి చేతిలో ఉన్న ముక్కలు లాక్కోకు. వెనక బండి రానీ."

"అంతేనా?"

"అంతే. ఒక్క లైను. ఆగడానికి ఎప్పుడూ పెద్దగా పనుండదు మావయ్యా, ఆగాలని తోచదంతే. ఇప్పుడు మిగతా సగం చెప్పు, పరీక్ష చేద్దాం."

"మిగతా సగం నీకెందుకే?"

"వెనక బండిలో ఏముందో తెలియకుండా ఎలా?"

"ఏదైనా కొట్టుకో. పద్యం కొట్టుకో."

"మావయ్యా. 'నీకు' అన్నావు."

"ఏమిటి?"

"ఎదురుపడితే రాణీగారిని 'మీరు, మీరు' అంటావు. ఎవరైనా మీ వరస ఏమిటంటే, సహోద్యోగులం అంటావు. తెర మీద మాత్రం 'నీకు' అన్నావు."

"బండిలో చోటు కలిసొస్తుందని."

"నిన్న నీకు బండి సంగతే తెలియదు! మావయ్యా, నువ్వు సిగ్గుపడుతున్నావు! చెవులు చూడు, ఎలా ఎర్రబడ్డాయో!"

"నవ్వనని ఒట్టేశావు."

"ఇది నవ్వు కాదు, సంతోషం. అది వేరే కేక. చెప్పు, ఎప్పటినుంచి?"

"మీ అత్తయ్య పోయిన ఏడాది నేను రిహార్సల్‌కి తిండీ నీళ్ళూ లేకుండా వచ్చేవాణ్ణి. ఆవిడ ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకునేది. దాంతోపాటు రెండు కప్పులు ఉండేవి. 'పొరపాటున రెండోది వచ్చింది, తాగండి' అనేది. రోజూ పొరపాటే. ఒక్కరోజు కూడా నేను ఎలా ఉన్నానని అడగలేదే అమ్మడూ. అడిగితే ఏడ్చేసేవాణ్ణి. అడగకుండా కప్పిచ్చేది. నువ్వేడవకు మళ్ళీ. కంప్యూటరు మీద పడుతుంది."

"పడనీ. మరి ఇన్నాళ్ళూ నోటితో చెప్పొచ్చు కదా?"

"ఏం నోరే అది! ఈ నోటితో జీవితమంతా ఎవరో రాసినవే అందించాను. సొంతంగా ఒక్కటి అందామంటే నాలిక పిడచకట్టుకుపోతుంది. కాగితం మీద రాద్దామంటే నా రాత నాకే అర్థం కాదు. నిన్న నువ్వు పరీక్షకని ముందు వరసలో కూర్చోబెట్టి చేతికి కీబోర్డిచ్చావు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఆవిడ ఎదురుగా కిరీటం పెట్టుకుని నిలబడి ఉంది. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదనిపించింది. కళ్ళు మూసుకుని కొట్టేశాను."

"కళ్ళు మూసుకుని కొట్టావా? అక్షరదోషాలుంటాయేమో!"

"నాకు అక్షరదోషాలా? ఏం మాట్లాడుతున్నావే!"

"సరే, సరే. ఆవిడ ఇవాళ తాళమిచ్చి వెళ్ళిపోతే?"

"వెళ్ళిపోతే ఇక కనబడదు. నాటకం వల్లే కనబడుతోంది. ఇంటికెళ్ళి తలుపు కొట్టే వరస లేదు, ఫోను చేస్తే వినపడదు. అయినా ఆవిడ వేషం పోగొట్టింది నేనే కదే. అది ముందు సర్దాలి. నన్ను కాదన్నా ఫరవాలేదు, రాణి వేషం ఆవిడదే."

"ఆవిడ చెవులు కూడా ఉన్నట్టుండి పోవడమేమిటో. పోయినేడు నాటకంలో ఒక్క లైను తప్పలేదు."

"అదే నాకూ అంతుపట్టదు. నేను ప్రేక్షకులకి కనబడుతున్నానని ఈ కొత్త డైరెక్టరు నన్ను నల్లతెర వెనక్కి నెట్టాడా, ఆ వారంలోనే ఆవిడకి పూర్తిగా వినపడకుండా పోయింది. గొంతు పెంచినా లాభం లేదు. దిష్టి తగిలిందేమో."

"పంపడానికి సిద్ధంగా ఉంది మావయ్యా. అదిగో, చెప్పుల చప్పుడు."

"ఆవిడే. అమ్మో. నేను మేడ మీద దీపాలు చూసొస్తాను."

"కూర్చో! కదిలావంటే డైరెక్టర్ని పిలుస్తాను. రాణీగారూ! ఇటు! స్టేజీ మీదకి రండి! ఒక్క నిమిషం!"

"ఎందుకే అలా గొంతు చించుకుంటావు? ఎదురుగానే ఉన్నావు కదా. ఇదిగో తాళం. మేకప్ పెట్టె మాత్రం నా సొంతం, పట్టుకుపోతున్నాను."

"రాణీగారూ, నిన్న తెర మీద సగమే వచ్చింది. తప్పు నాది. ప్రోగ్రాంలో తప్పు."

"ఏమన్నావు? ఇటు తిరిగి చెప్పు."

"మావయ్య లైను మొత్తం పంపాడండీ. మిగతా సగం నేను పారేశాను. అంటే, నా ప్రోగ్రాం పారేసింది."

"నువ్వా పారేసింది? ఈయన కాదూ?"

"ఈయన కాదండీ! ఒట్టు! మావయ్యా, పంపు."

"పంపుతున్నానే."

"కళ్ళు తెరిచి పంపు!"

"పంపాను."

"వచ్చింది! కామా దాటింది! చూడండి రాణీగారూ, 'ఇక నీకు మాట అందించలేను, అవన్నీ ఎవరో రాసినవి. నా సొంత మాట ఒకటుంది. మనిద్దరం ఒకే ఇంట్లో'... అయ్యో, నేను పైకి చదవకూడదేమో."

"చదివెయ్. నాకెలాగూ కొత్త కాదు."

"కొత్త కాదా? అంటే మీరు..."

"ఏమయ్యా, నోట్లో 'మీరు', తెర మీద 'నీకు'. ఇద్దరున్నారా నీలో? చదివాను. నిన్ననే చదివాను, చివరి మాట దాకా."

"నిన్న కామా దగ్గరే ఆగింది కదండీ రాణీగారూ!"

"తెర మీద ఆగిందే అమ్మడూ. నేను చూస్తున్నది తెరనా? మీ మావయ్యని. ఈయన వేళ్ళు కదిలితే పెదాలు ఊరుకుంటాయా? ముందు వరసలో, అంత వెలుతుర్లో, కళ్ళు మూసుకుని మరీ అంటుంటే ఒక్కో అక్షరం కనబడింది. నాకు చెవులు ఈ మధ్య పోయాయనుకుంటున్నారు మీరంతా. అవి ఎప్పుడో పోయాయి. ఈయన పక్కన నిలబడి పెదాలు కదుపుతుంటే చూసి ఇన్ని నాటకాలు లాక్కొచ్చాను. మీ డైరెక్టరు ఈయన్ని నల్లతెర వెనక్కి నెట్టాడు చూడు, అదిగో, ఆరోజు నాకు నిజంగా వినపడకుండా పోయింది."

"మరి నిన్న ఎందుకు వెళ్ళిపోయారండీ?"

"ఎందుకా? ఆ మాట చూసి నమ్మలేకపోయాను. అదే మాట అక్షరాల్లో చూసుకుందామని తెర వంక తిరిగాను. కామా దాకా వచ్చింది. నిలబడ్డాను. రాలేదు. ఇంకా నిలబడ్డాను. నోటిదాకా వచ్చిన మాటని వేలిదగ్గర చెరిపేశాడు, ధైర్యం చాలక వెనక్కి తీసుకున్నాడు అనుకున్నాను. ఇక ఆ మొహం చూస్తూ నాటకం ఎలా వెయ్యను?"

"నేను చెరపలేదు."

"దీపం వైపు తిరిగి చెప్పు."

"చెరపలేదు. ఒక్క అక్షరం కూడా చెరపలేదు."

"ఆఁ. ఇప్పుడు వినపడింది. ఆ తాళం ఇటివ్వు. కిరీటం ఎక్కడ పెట్టారు?"

"అంటే వేస్తారా రాణీగారూ? డైరెక్టరుకి ఏం చెప్పను?"

"రాణి బతికే ఉందని చెప్పు. రెండో అంకం దాకా. ఇంకో మాట కూడా చెప్పు, ఈయన పాత చోటే నిలబడతాడు, నాకు కనబడేట్టు. ప్రేక్షకులకి కనబడితే కనబడనీ."

"మరి... మరి నేను అడిగినదానికి..."

"నువ్వుండవయ్యా, కుచ్చిళ్ళు పెట్టుకోవాలి, బోలెడు పనుంది."

"అయితే నా పెట్టె పని అయిపోయినట్టేనా రాణీగారూ? నెల్లాళ్ళు కష్టపడ్డాను. ఇప్పుడే బాగుపడింది పాపం."

"ఎందుకయిపోతుందే? ఈయన నోటితో చెప్పలేనివి ఇంకా చాలా ఉంటాయి. నాటకం అయ్యాక విప్పి తీసుకురా, వంటింట్లో పెట్టుకుంటాం."